60 లక్షల ఎకరాల ఆసామి అప్పుల జైల్లో ఎలా పడ్డాడు?

సాగరతీరం
మా ఇంట్లో ఏ నలుగురు కూర్చున్నా చివరికి తేల్చే మాట ఒక్కటే: "భూమి మీద పెట్టినవాడు చెడిపోడు." ఈమధ్య అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి చదువుతుంటే రాబర్ట్ మోరిస్ కథ తగిలింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. ఖజానా ఖాళీ అయినప్పుడు తన పరపతి మీద డబ్బు సర్ది, వాషింగ్టన్ సైన్యం యార్క్‌టౌన్ చేరేలా చూసినవాడు. అలాంటి మనిషి 1795లో ఇంకో ఇద్దరితో కలిసి నార్త్ అమెరికన్ ల్యాండ్ కంపెనీ పెట్టాడు. కంపెనీ పేరు మీద 60 లక్షల ఎకరాలు. 1798 ఫిబ్రవరికల్లా ఫిలడెల్ఫియాలో అప్పుల జైల్లో ఉన్నాడు.

నాకు మింగుడుపడనిది ఇదే. అప్పుంటే సగం భూమి అమ్మి తీర్చేయొచ్చు కదా? మిగతా సగమైనా 30 లక్షల ఎకరాలు. దీని గురించి చదివినవాళ్లు వివరంగా చెప్పండి.

పల్నాడు_పిల్లోడు
60 లక్షల ఎకరాలా! సరిహద్దు రాళ్లు పాతడానికే ఒక జీవితం చాలదు.

లెక్కలమాస్టారు
అమ్మాలంటే కొనేవాడుండాలి. మోరిస్‌కు దొరకనిది వాడే.

ముందు కంపెనీ లెక్క చూడండి. 30,000 షేర్లు, ఒక్కోటి 100 డాలర్లు. 60 లక్షల ఎకరాలను 30,000తో భాగిస్తే షేరుకు 200 ఎకరాలు. అంటే ఎకరం అర డాలరుకు అమ్ముతున్నట్టు. పైగా షేరు కొన్నవాళ్లకు ఏటా 6 శాతం ఇస్తామని హామీ. అడవిలో పంట లేదు, కౌలు లేదు. మరి ఆ 6 శాతం ఎక్కడి నుంచి రావాలి? కొత్తగా షేర్లు కొనేవాడి డబ్బులోంచే.

రెండోది, ఆ భూమిలో చాలావరకు రొక్కం ఇచ్చి కొన్నది కాదు. వాయిదాల మీద, ప్రామిసరీ నోట్ల మీద కొన్నది. మోరిస్ నోటు రాస్తే భాగస్వామి జాన్ నికొల్సన్ వెనక హామీ సంతకం పెట్టేవాడు. నికొల్సన్ రాస్తే మోరిస్ పెట్టేవాడు. మొదట్లో ఆ నోట్లు డబ్బులాగే చేతులు మారాయి. తర్వాత డాలరు నోటుకు కొద్ది సెంట్లు కూడా పలకని స్థితి వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు హామీ కాబట్టి ఒకడు మునిగితే రెండోవాడూ మునగాల్సిందే.

మూడోది పన్ను. భూమి ఖాళీగా ఉన్నా పన్ను ఆగదు. కట్టకపోతే వేలం. ఎకరాలు పెరిగిన కొద్దీ బలం పెరుగుతుందని మీరనుకుంటున్నారు. వాళ్ల విషయంలో ఏటేటా కట్టాల్సింది పెరిగింది, అంతే.

సాగరతీరం
మరి కొనేవాళ్లు ఎందుకు రాలేదు? అప్పట్లో వలసలు బాగానే ఉన్నాయి కదా.

చరిత్రపిచ్చి
వలస వచ్చినవాడి చేతిలో రొక్కం ఎక్కడిది? ఒక గొడ్డలి, ఒక ఆవు, పెళ్లాం పిల్లలు. వాడు కొంటే వంద ఎకరాలు కొంటాడు, అదీ పదేళ్ల వాయిదాల మీద. మోరిస్ లాంటివాళ్లకు కావలసింది లక్షల ఎకరాలు ఒక్క దెబ్బకు కొనే లండన్, ఆమ్‌స్టర్‌డామ్ షావుకార్లు. 1793 నుంచి యూరప్‌లో యుద్ధం. 1795లో ఫ్రెంచి సైన్యం హాలండ్‌లోకి దిగింది. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బంగారం ఇవ్వడమే ఆపేసింది. ఇక అట్లాంటిక్ అవతలి అడవి ఎవడికి కావాలి?

వాషింగ్టన్ నగరం ప్లాట్లు కూడా ఈ గొడవలోవే. 1793 చివర్లో మోరిస్, నికొల్సన్, జేమ్స్ గ్రీన్‌లీఫ్ ముగ్గురూ కలిసి కొత్త రాజధానిలో 6,000 ప్లాట్లకు ఒప్పందం రాసుకున్నారు. ప్లాటు 80 డాలర్లు, ఏడు వార్షిక వాయిదాలు, వడ్డీ లేదు. బదులుగా ఏటా 20 ఇటుక ఇళ్లు కట్టాలి. ఆ డబ్బు హాలండ్ అప్పు మీద వస్తుందని ధీమా. అది రాలేదు. ఇళ్లు సగంలో ఆగాయి, నగర కమిషనర్ల దగ్గర నిర్మాణానికి డబ్బు కరువైంది.

పల్నాడు_పిల్లోడు
రాజధాని వస్తుందంటే ముందే వెళ్లి ప్లాట్లు కొనడం అక్కడా ఉందన్నమాట 😀

చరిత్రపిచ్చి
తమ్ముడూ, మన రాజకీయాలు ఇక్కడికి తెస్తే రెండు పేజీల్లో దారం తెగిపోతుంది. వద్దు.

కాగితపులెక్క
నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. మోరిస్ మీద జాలి అక్కర్లేదు. అప్పులవాళ్లు తరుముతున్న రోజుల్లో కూడా ఫిలడెల్ఫియా నడిబొడ్డున పాలరాతి భవనం కట్టిస్తున్నాడు. గీసింది వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసిన లాన్‌ఫాన్. అది పూర్తి కాలేదు, జనం దాన్ని "మోరిస్ తెలివితక్కువతనం" అని పిలిచారు. అతని నోట్లు నమ్మి సరుకిచ్చిన చిన్న వర్తకులు, గోడలు కట్టిన మేస్త్రీలు ఏమైపోయారో ఎవరైనా అడిగారా? మోరిస్‌ను చూడటానికి జైలుకు జార్జి వాషింగ్టన్ వెళ్లి కలిసి భోంచేశాడు. ఆ మేస్త్రీని చూడటానికి ఎవరు వెళ్లారు?

చరిత్రపిచ్చి
మేస్త్రీల సంగతి ఒప్పుకుంటాను. కానీ మోసం వేరు, అత్యాశ వేరు. మోరిస్ తన సొంత ఆస్తి మొత్తం అందులోనే పెట్టాడు. మోసగాడైతే తనది పక్కన దాచుకునేవాడు.

వరంగల్_వాణి
అందరూ మోరిస్ అప్పుల గురించే రాస్తున్నారు. ఆ భూమి ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

న్యూయార్క్ పశ్చిమ భాగం సంగతే చెప్తాను. అది సెనెకా అనే ఆదివాసీ జాతి నేల. 1788లో మసాచుసెట్స్ రాష్ట్రం అక్కడి 60 లక్షల ఎకరాలకు ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరితో బేరం కుదుర్చుకుంది. వాళ్లకు అమ్మింది భూమిని కాదు, సెనెకాల దగ్గర నుంచి కొనుక్కునే హక్కుని! వాళ్లు కట్టలేకపోతే మిగిలింది మోరిస్ చేతికొచ్చింది. అతను సుమారు 33 లక్షల ఎకరాలు డచ్చి షావుకార్లకు అమ్మేశాడు. అప్పటికి సెనెకాలు అక్కడే ఉన్నారు, ఒక్క అంగుళం ఎవరికీ రాసివ్వలేదు. వాళ్ల చేత రాయించుకునే పూచీ మోరిస్ నెత్తిన పెట్టి, అది జరిగేదాకా డచ్చివాళ్లు కొంత డబ్బు ఆపుకున్నారు.

1797 సెప్టెంబరులో జెనెసీ నది దగ్గర బిగ్ ట్రీలో సభ పెట్టారు. ఇల్లు దాటితే అప్పులవాళ్లు పట్టుకుంటారని మోరిస్ రాలేదు, కొడుకు థామస్‌ను పంపాడు. సెనెకాల వక్త రెడ్ జాకెట్ ఒప్పుకోలేదు, సభ ముగిసిందని ప్రకటించాడు. వాళ్ల ఆచారంలో నేల మీద ఆడవాళ్ల మాటకు చాలా బరువుంది. థామస్ నేరుగా ఆ ఆడవాళ్ల దగ్గరికి పోయి, ఈ డబ్బొస్తే మీ పిల్లలకు చలికాలం కష్టం ఉండదని చెప్పి, కానుకలిచ్చి, సభను మళ్లీ తెరిపించాడు. కొందరు పెద్దలకు విడిగా డబ్బు, ఏటేటా భత్యం. చివరికి ధర లక్ష డాలర్లు. ఎకరానికి మూడు సెంట్లు. అదీ చేతికివ్వలేదు, బ్యాంకు షేర్లలో పెట్టి వాటి రాబడి ఇస్తామన్నారు. సెనెకాలకు మిగిలింది సుమారు రెండు లక్షల ఎకరాలు, అదీ ముక్కలు ముక్కలుగా.

దివాలా తీసినవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. ఈ నేల పోగొట్టుకున్నవాళ్లను అందులో ఒక పంక్తిలో ముగించేస్తారు. నాకు మండేది అక్కడే.

గోదారిగట్టు
వాణి గారు రాసింది చదివాక భోజనం సహించలేదు.

లెక్కలమాస్టారు
వాణి గారి మాటకు ఒక చేర్పు. ఇంగ్లండు రాజు 1763లో ఒక ప్రకటన చేశాడు: అపలాచియన్ కొండలు దాటి ఎవరూ స్థిరపడకూడదు, ఆ నేల అక్కడి జాతులది అని. జార్జి వాషింగ్టన్ 1767 సెప్టెంబరులో తన సర్వేయరు మిత్రుడు విలియం క్రాఫర్డ్‌కు ఉత్తరం రాశాడు. ఈ నిషేధం తాత్కాలికం, ఇప్పుడే మంచి భూములు గుర్తించి పెట్టుకోకపోతే మళ్లీ అవకాశం రాదు, పని గుట్టుగా కానివ్వు, ఎవరైనా అడిగితే వేటకు వచ్చానని చెప్పు అని అందులో సారాంశం. చనిపోయే నాటికి ఆయన వీలునామాలో పశ్చిమ భూములే 40,000 ఎకరాలకు పైగా.

నేలటిక్కెట్టు
వాషింగ్టన్‌ను కూడా ఈ గాటన కట్టేయడం న్యాయం కాదు. ఆయన భూముల్లో చాలావరకు సైనికులకు ఇస్తామన్న ఇనాం కింద వచ్చినవి. 1754లో వర్జీనియా గవర్నరు డిన్‌విడ్డీ రెండు లక్షల ఎకరాలు ప్రకటించాడు. 1770లో ఆయన పడవేసుకుని ఒహాయో నది వెంట స్వయంగా వెళ్లి చూసి ఎంచుకున్నాడు. కష్టపడి సంపాదించిన భూమి.

కాగితపులెక్క
ఎంచుకున్నాడు, నిజమే. నదిని ఆనుకుని ఉన్న పల్లపు సారవంతమైన నేల తన వాటాకు ఎక్కువ పడిందని తోటి సైనికులే గొణిగారు. తోటివాళ్ల వాటాలు చౌకగా కొన్నది కూడా ఆయనే.

1784 సంగతీ చూడండి. పెన్సిల్వేనియాలో మిల్లర్స్ రన్ అనే వాగు పక్కన ఆయన పేరు మీద 2,800 ఎకరాల పైచిలుకు ఉంది. చెట్లు కొట్టి, ఇళ్లు వేసుకుని, ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న కుటుంబాలు అక్కడున్నాయి. యుద్ధం గెలిచిన సేనాపతి గుర్రమెక్కి వెళ్లి, ఎకరం 25 షిల్లింగులకు కొనుక్కోండి లేదా కౌలుకు ఉండండి అన్నాడు. మా చెమట పడ్డ నేల, మేమెందుకు కొనాలి అన్నారు వాళ్లు. ఆయన కోర్టుకెళ్లి 1786లో గెలిచాడు. కాగితం గెలిచింది, నాగలి ఓడింది.

నేలటిక్కెట్టు
కాగితం ఉన్నవాడు కోర్టుకెళ్లడం తప్పెలా అవుతుంది? రేపు మీ స్థలంలో ఎవరో గుడిసె వేస్తే మీరేం చేస్తారు?

కాగితపులెక్క
నా స్థలం రాజు నిషేధించిన చోట దొంగచాటుగా గుర్తించింది కాదు.

మోడరేటర్_రెండు
ఇద్దరూ కొంచెం నెమ్మది. విషయం బాగుంది, చెడగొట్టకండి.

గొలుసుకొలత
సర్వేలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొలత గురించి నాలుగు మాటలు. గొడవల్లో సగం అక్కడే పుట్టాయి.

కెంటకీలో మొదట్లో సర్వే ఎలా ఉండేదంటే, "వాగు మలుపు దగ్గరి తెల్ల ఓక్ చెట్టు నుంచి ఎండు మోడు దాకా, అక్కడి నుంచి పెద్ద బండ దాకా." ఎవడికి తోచినట్టు వాడు గీసుకున్నాడు. ఒకే నేల మీద నలుగురైదుగురి పట్టాలు, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ అడవిలోకి దారి కొట్టిన డేనియల్ బూన్ వేల ఎకరాలకు హక్కు రాయించుకున్నాడు. పట్టాల్లో లోపాలు, దావాలు, అప్పులు కలిసి దాదాపు అంతా పోయింది. 1799లో ఆ ప్రాంతమే వదిలి మిస్సోరీ వైపు వెళ్లిపోయాడు.

ఈ తంటా చూశాకే 1785 చట్టం వచ్చింది. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్పు, అందులో 36 సెక్షన్లు, సెక్షనుకు 640 ఎకరాలు. 16వ సెక్షను బడికి. ముందు కొలత, తర్వాత అమ్మకం. ఒహాయో నది పెన్సిల్వేనియా హద్దు దాటే చోట మొదలుపెట్టారు. వాడింది గంటర్ గొలుసు. 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన ఆంధ్ర జిల్లాల ఎఫ్‌ఎంబీల్లో, అదే పొలాల కొలతల పుస్తకాల్లో, లింకుల్లో కొలతలు ఉంటాయి చూడండి, ఆ లింకు ఇదే. నేను చేతులతో లాగిన గొలుసు, ఒహాయో అడవిలో లాగిన గొలుసు రెండూ ఒకటే. వర్షం పడ్డ పొలంలో ఆ ఇనుము లాగితే మెలికల్లో బురద పట్టి గొలుసు పొట్టిదైపోతుంది. ప్రతిసారీ విదిలించి, కడిగి, మళ్లీ పరచాలి. ఓపిక లేనివాడు కొలిస్తే ఎకరానికి రెండు మూడు సెంట్లు తేడా వచ్చేస్తుంది.

పల్నాడు_పిల్లోడు
మా తాతల నాటి కాగితంలో కూడా "తూర్పున చింతచెట్టు" అని ఉంది. ఆ చెట్టు ఇప్పుడు లేదు, ఆ హద్దు మీద దావా మాత్రం ఉంది 😀

గొలుసుకొలత
చెట్టు పోయినా వేరు మొద్దు దొరకొచ్చు. తవ్వించి చూడండి, సరదాకి చెప్పడం లేదు.

లెక్కలమాస్టారు
గొలుసు వేయకుండానే పట్టాలిస్తే ఏమవుతుందో జార్జియాలో తేలింది. 1790ల్లో ఆ రాష్ట్రంలోని కౌంటీలన్నిటి విస్తీర్ణం సుమారు 87 లక్షల ఎకరాలు. గవర్నర్లు సంతకం పెట్టి ఇచ్చిన పట్టాలు 2 కోట్ల 90 లక్షల ఎకరాలకు! ఉన్నదానికి మూడింతలు. ఇసుక నేల, పైన్ చెట్లు తప్ప ఏమీ లేనిచోట లేని వాగులు, లేని గట్టి చెట్లు పటంలో గీశారు. సాగరతీరం గారూ, మోరిస్ కంపెనీ 60 లక్షల్లో 20 లక్షలకు పైగా జార్జియావే. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడుంది.

సాగరతీరం
అంటే ఆయన అమ్ముదామన్నా అందులో కొంత భూమి భూమ్మీదే లేదన్నమాట!! ఇప్పుడర్థమవుతోంది.

న్యాయపీఠం
జార్జియా అనగానే యాజూ భూముల కుంభకోణం గురించి చెప్పకుండా ఉండలేను. 1795 జనవరిలో ఆ రాష్ట్ర శాసనసభ ఇప్పటి అలబామా, మిసిసిపీలలోని సుమారు 3.5 కోట్ల ఎకరాలను నాలుగు కంపెనీలకు 5 లక్షల డాలర్లకు అమ్మింది. ఎకరం ఒకటిన్నర సెంటు కూడా కాదు. ఓటేసిన సభ్యుల్లో ఒక్కరు తప్ప అందరికీ ఆ కంపెనీల్లో వాటాలున్నాయి. సుప్రీంకోర్టు జడ్జి జేమ్స్ విల్సన్‌కు కూడా వాటా ఉంది. జనం మండిపడ్డారు. జేమ్స్ జాక్సన్ అనే ఆయన అమెరికా సెనేట్ సభ్యత్వం వదులుకుని ఊరికొచ్చి పోరాడి, 1796లో ఆ అమ్మకాన్నే రద్దు చేయించాడు. చట్టం ప్రతిని అందరి ముందు తగలబెట్టారు.

ఇక్కడే చిక్కు. రద్దయ్యేలోపే కంపెనీలు బోస్టన్, న్యూయార్క్ జనానికి ముక్కలు అమ్మేశాయి. లంచం సంగతి తెలియకుండా కొన్నవాడి గతేంటి? ఫ్లెచర్, పెక్ కేసు 1810లో సుప్రీంకోర్టుకు వచ్చింది. మొదటి అమ్మకంలో లంచం ఉన్నా, తెలియక డబ్బిచ్చి కొన్నవాడి హక్కును రాష్ట్రం చట్టంతో లాక్కోలేదు అన్నాడు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్. ఒక రాష్ట్ర చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసిన తొలి కేసుల్లో ఇదొకటి. చివరికి 1814లో కాంగ్రెస్ 50 లక్షల డాలర్ల దాకా పరిహారానికి ఒప్పుకుంది. నా దృష్టిలో తీర్పు సరైనదే. లేకపోతే ప్రభుత్వం మారినప్పుడల్లా పట్టాలు మారతాయి.

వరంగల్_వాణి
న్యాయపీఠం గారూ, ఆ 3.5 కోట్ల ఎకరాల్లో క్రీక్, చోక్టా, చికసా, చెరోకీ జాతులు కాపురముంటున్నాయి. "తెలియక కొన్నవాడు" అని వాళ్లకు పరిహారం దొరికింది సరే, వీళ్లనెవరు అడిగారు?

న్యాయపీఠం
కాదనలేను. ఆ జాతుల నుంచి ప్రైవేటు వ్యక్తులు నేరుగా కొన్న భూమికి హక్కు చెల్లదని 1823లో ఇదే మార్షల్ జాన్సన్, మెకింటోష్ కేసులో తేల్చాడు. వాళ్లది అనుభవించే హక్కే, కొనే హక్కు ప్రభుత్వానికి మాత్రమే అని. అంటే వాళ్లకు బేరమాడటానికి ఒక్కడే కొనుగోలుదారు మిగిలాడు. ఆ తీర్పును నేను సమర్థించను.

జడ్జి విల్సన్ సంగతి కూడా చెప్పేస్తాను. పదవిలో ఉండగానే భూముల అప్పుకు జైలు పాలయ్యాడు. తర్వాత అప్పులవాళ్లకు దొరక్కుండా నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో తలదాచుకుని, 1798 ఆగస్టులో అక్కడి సత్రంలో పోయాడు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి!

ఒహాయో_బాబాయ్
కొలంబస్‌లో ఉంటాను. నదీ తీరాన గల్లిపొలిస్ అనే చిన్న ఊరుంది. ఫ్రెంచివాళ్ల ఊరని అర్థం. దాని పుట్టుక చదివాక నాకు పారిస్‌లో ప్లాట్లు కొన్న ఆ జనం మీద బెంగ పట్టుకుంది.

విలియం డ్యూయర్ అనే న్యూయార్క్ పెద్దమనిషి సియోటో కంపెనీ నడిపాడు. దాని చేతిలో ఉన్నది భూమి కాదు, భవిష్యత్తులో కొనుక్కునే వెసులుబాటు మాత్రమే. దాన్ని పట్టుకుని పారిస్‌లో ఆఫీసు తెరిచి, విప్లవానికి భయపడుతున్న జనానికి నేరుగా పట్టాలు అమ్మేశారు. అమ్మినవాళ్లలో ఒకడు విలియం ప్లేఫెయిర్, బార్ గ్రాఫు కనిపెట్టినవాడు! చెట్టు నుంచి పంచదార కారుతుందని, వాతావరణం హాయిగా ఉంటుందని కరపత్రాలు. 1790లో సుమారు 500 మంది దిగారు. విగ్గులు అల్లేవాళ్లు, గడియారాలు చేసేవాళ్లు, చెక్క మీద బంగారు పూత వేసేవాళ్లు. ఎదురుగా అడవి, వరసగా కట్టిన 80 దుంగల గుడిసెలు. చేతిలో ఉన్న పట్టా చెల్లదు. 1792లో డ్యూయర్ అప్పుల్లో మునిగి జైలుకెళ్లాడు, ఆ దెబ్బకు న్యూయార్క్ మార్కెటే కూలింది. ఇక అడగడానికి మనిషే లేడు.

పల్నాడు_పిల్లోడు
బార్ గ్రాఫు కనిపెట్టినవాడే తొలి రియల్ ఎస్టేట్ ఏజెంటా! అందుకే ప్రతి బ్రోచర్లో ఆ గ్రాఫు పైకే పోతుంది.

గోదారిగట్టు
బాబాయ్, చివరికి వాళ్లకేమైనా దక్కిందా?

ఒహాయో_బాబాయ్
ఆ నేల నిజానికి ఒహాయో కంపెనీ అనే ఇంకో భూముల కంపెనీ వాళ్లది. ఫ్రెంచివాళ్లు తమ సొంత ఇంటి స్థలాల్నే ఆ కంపెనీ దగ్గర ఎకరం డాలరుంబావుకు మళ్లీ కొన్నారు. 1795లో కాంగ్రెస్ జాలిపడి నదికి దిగువన 24,000 ఎకరాలు ఇచ్చింది. తలా 217 ఎకరాలు వచ్చింది. అప్పటికే చాలామంది వెళ్లిపోయారు.

సింధూర
ఇంతమంది మునిగారు సరే, నిలదొక్కుకున్నవాళ్లు కూడా ఉన్నారు కదా? న్యూయార్క్‌లో కూపర్స్‌టౌన్ కట్టిన విలియం కూపర్‌ను చూడండి. 1786లో 40,000 ఎకరాలు కొద్దిరోజుల్లోనే అమ్మేశాడు. ఎవరికి? షావుకార్లకు కాదు, గొడ్డలి పట్టుకుని వచ్చినవాళ్లకు. పూర్తి హక్కు రాసిచ్చి, డబ్బు మెల్లగా కట్టమన్నాడు. తనూ వాళ్ల మధ్యే ఇల్లు కట్టుకున్నాడు. 1789లో తిండి కరువొస్తే మొక్కజొన్న తెప్పించి అప్పుగా ఇచ్చాడు.

వాయిదా కట్టడానికి డబ్బెలా పుట్టిందో అది నాకు బాగా నచ్చింది. పొలం కోసం ఎలాగూ చెట్లు కొట్టాలి. కొట్టిన చెట్లు కాల్చి, బూడిదలో నీళ్లు పోసి వడగట్టి, ఆ నీటిని పెద్ద ఇనుప బానల్లో మరిగించి ఇగరబెడితే పొటాష్ మిగులుతుంది. సబ్బుకూ గాజుకూ కావాలి కాబట్టి ఇంగ్లండు దాకా పోయే సరుకు. మొదటి పంట రాకముందే రైతు చేతికి రొక్కం! కూపర్ ఆ బానలు పెట్టించి, బూడిద కొని, బాకీలో జమ కట్టుకున్నాడు. మోరిస్ ఎప్పుడైనా తన అడవిలో కాలు పెట్టాడా?

కాగితపులెక్క
కూపర్ పోయాక వారసుల చేతిలో ఆ ఆస్తీ నిలవలేదమ్మా. కానీ కొన్న రైతులు నిలిచారు, అది ఒప్పుకుంటాను.

సాగరతీరం
ఒక్కటి మిగిలింది. మోరిస్ జైలు నుంచి ఎలా బయటపడ్డాడు? అప్పు తీర్చాడా?

న్యాయపీఠం
తీర్చలేదు. 1800లో కాంగ్రెస్ దివాలా చట్టం చేసింది. దాని కింద 1801 ఆగస్టులో విడుదలయ్యాడు. తేలిన అప్పు దాదాపు 30 లక్షల డాలర్లు. నికొల్సన్‌కు ఆ అదృష్టం లేదు, 1800లోనే జైల్లో పోయాడు. బయటికొచ్చాక మోరిస్ దంపతులు బతికింది భార్య మేరీ పేరున వచ్చిన డబ్బుతో. అప్పటి చట్టంలో భర్త భూమిలో భార్యకు డవర్ హక్కు, అంటే భర్త పోయాక అనుభవించే వాటా, ఉండేది, ఆమె సంతకం లేనిదే పట్టాలో ఆ లోపం పోదు. డచ్చి కంపెనీకి అమ్మిన భూమిలో ఆమె హక్కు వదులుకోలేదు. గవర్నూర్ మోరిస్ అనే స్నేహితుడు, ఇంటిపేరు ఒకటే కానీ చుట్టం కాదు, కంపెనీతో మాట్లాడి ఆమె సంతకానికి బదులు ఏడాదికి 1,500 డాలర్లు బతికినంతకాలం ఇచ్చేలా ఒప్పించాడు.

వరంగల్_వాణి
బిగ్ ట్రీలో సెనెకా ఆడవాళ్లు ఒప్పుకున్న నేలే కదా అది?

న్యాయపీఠం
అదే నేల.